ఆటిజం ఉన్న టీనేజ్ పిల్లల చేతికి వాళ్ల పనులు అప్పగించడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం తల్లిదండ్రులకు మార్గదర్శి

థెరపీ మొదలైన రోజు నుంచి మన పిల్లలకు ఎక్కువగా నేర్పింది మాట వినడం. కూర్చో అంటే కూర్చోవాలి, చూడు అంటే చూడాలి, ఇవ్వు అంటే ఇవ్వాలి. ఆరేళ్ల వయసులో దానితో చాలా పనులు గడిచాయి. పదమూడో ఏడు వచ్చాక అదే అడ్డం పడుతుంది. ఎవరు ఏం చెప్పినా చేసేసే కుర్రాడు బస్సు కాంప్లెక్స్‌లో క్షేమంగా ఉండడు. చెబితేగానీ చెయ్యి కదపని అమ్మాయి, చెప్పేవాళ్లు ఇంట్లో లేని రోజున కంచం ముందు పెట్టుకుని అలాగే కూర్చుంటుంది. కాబట్టి ఈ వయసులో మనం చెప్పడం తగ్గించాలి. వాళ్లకు ఎంచుకోవడం, "వద్దు" అనడం, సాయం అడగడం నేర్పాలి.

టెన్త్ రాస్తున్న పిల్లలకూ, మాట రాని పిల్లలకూ ఈ వరస పనికొస్తుంది. మెట్లు ఎంత చిన్నగా ఉండాలన్నదే పిల్లల్ని బట్టి మారుతుంది.

1. ముందు మీరు చేస్తున్నవి రాయండి

పిల్లలకు ఏం రాదో రాసిన కాగితాలు మన దగ్గర బోలెడున్నాయి. ప్రతి అసెస్‌మెంట్‌లోనూ అదే ఉంటుంది. ఈసారి మీరు తన కోసం ఏమేం చేస్తున్నారో ఒక వారం పాటు రాయండి. బ్రష్ మీద పేస్టు ఎవరు వేశారు, షర్టు ఎవరు తీసి మంచం మీద పెట్టారు, కంచంలో కూర ఎవరు కలిపారు. ప్రతి పని పక్కన "తనే", "చెబితే", "మేమే" అనే మూడు మాటల్లో ఒకటి రాయండి.

వారం తర్వాత చూసుకుంటే "చెబితే" అన్నవే ఎక్కువ కనిపిస్తాయి. మొదలుపెట్టాల్సింది వాటితోనే. ఎందుకంటే ఆ పని వాళ్లకు వచ్చు, మన గొంతు వినపడితేగానీ చెయ్యరంతే.

ఇంట్లో మామ్మ ఉంటే ఆమెకూ ఈ కాగితం చదివి వినిపించండి. "ఆడికేటి తెలుస్తాది, నేనున్నన్నాళ్లూ నేనే తినిపిస్తాను" అనే ప్రేమతో వాదించి గెలవలేం. దానికన్నా ఆమెకు వేరే వాటా ఇవ్వడం మేలు. కూరన్నం మనవడు తనే కలుపుకుని తినాలి, ఆఖరి పెరుగన్నం ముద్ద మాత్రం మామ్మది. మా ఇంట్లో ఈ ఒప్పందం బాగానే నడిచింది.

2. ఒక్క పని తీసుకుని చివరి మెట్టు నుంచి నేర్పండి

నాలుగు పనులు ఒకేసారి మొదలుపెట్టకండి. రోజూ జరిగేది, ఫలితం తనకే దక్కేది ఒకటి ఎంచుకోండి. దుప్పటి మడవడం కన్నా రైస్ కుక్కర్‌లో అన్నం పెట్టడం మేలని నా అభిప్రాయం. మడత పెట్టిన దుప్పటితో కడుపు నిండదు కదా.

పనిని ముక్కలు చేసి రాసుకోండి: బియ్యం కొలవడం, కడగడం, గీత దాకా నీళ్లు పోయడం, గిన్నె అడుగు గుడ్డతో తుడవడం, కుక్కర్‌లో పెట్టడం, మూత పెట్టడం, చేతులు పొడిగా తుడుచుకోవడం, ప్లగ్గు పెట్టడం, స్విచ్చి వేయడం, మీట కిందికి నొక్కడం. మొత్తం పది మెట్లు. మొదట్లో తొమ్మిదీ మీరే చేసి, మీట నొక్కడం తనకు వదలండి. అది నిలకడగా వచ్చాక స్విచ్చి కూడా తనదే. తర్వాత ప్లగ్గు. ఇలా వెనక నుంచి ముందుకు వస్తే ప్రతి రోజూ పని తన చేతుల్లోనే పూర్తవుతుంది. మొదటి మెట్టు నుంచి నేర్పితే సగంలో విసిగి లేచిపోవడమే అలవాటవుతుంది.

నేర్పేటప్పుడు నోరు కట్టుకోవడం పెద్దవాళ్లకు చాలా కష్టం. కానీ అసలు కిటుకు అక్కడే ఉంది. చెయ్యి పట్టుకుని చేయిస్తే ఆ పట్టును రోజురోజుకూ వదులు చేయవచ్చు. వేలితో చూపించడాన్నీ మెల్లగా తగ్గించవచ్చు. "ఇప్పుడు నీళ్లు పొయ్యి" అన్న మాట మాత్రం ఆ పనిలో ఒక మెట్టయి కూర్చుంటుంది. అది వినపడేదాకా పిల్లలు ముందుకు కదలరు. అందుకని ప్రతి మెట్టుకూ మీ వంటింట్లోనే, మీ కుక్కర్‌తోనే ఫోన్‌లో ఫోటో తీసి, ప్రింటు వేయించి, గోడకు వరసగా అంటించండి. తను ఆగిపోతే మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ కదలకపోతే మాట్లాడకుండా ఫోటో వైపు చూపించండి. ఆటిజం ఉన్న చాలామందికి విన్న మాట అర్థమై చెయ్యి కదలడానికి కొంత సమయం పడుతుంది. ఆలోపు మనం రెండోసారి, మూడోసారి చెబితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

పని వచ్చేశాక కావాలని ఒక చిక్కు పెట్టండి. ఒకరోజు బియ్యం డబ్బా ఖాళీగా ఉంచండి. ఇంకోరోజు ప్లగ్గు ఉండే చోట ఫోన్ చార్జర్ పెట్టేయండి. అప్పుడు తను వచ్చి "బియ్యం లేవు" అని చెప్పాలి. మాట రాకపోతే బొమ్మ కార్డు చూపించాలి, లేదా ఖాళీ డబ్బా తెచ్చి మీ చేతిలో పెట్టాలి. సాయం అడగడాన్ని ఇలా విడిగా నేర్పాలి. దానంతట అది రాదు. బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లు తెలుగులోనూ ఉన్నాయి. "టీనేజ్ వచ్చాక ఇంకేం మాట్లాడతాడులే" అని వాటిని పక్కన పెట్టకండి.

3. "వద్దు"కు విలువ ఇవ్వండి

రోజుకు రెండు మూడు నిజమైన ఎంపికలు తనకు వదలండి. ఏ షర్టు, ఏ టిఫిన్, స్నానం ముందా చదువు ముందా. అడిగాక తను చెప్పింది ఒప్పుకోవాలి. ఒప్పుకోలేని విషయమైతే అసలు అడగకూడదు. మాత్ర వేసుకుంటావా అని అడిగి, వద్దంటే బలవంతంగా వేస్తే, తన "వద్దు"కు అర్థం లేదని మనమే నేర్పినట్టు. మందు విషయంలో "నీళ్లతోనా, మజ్జిగతోనా" అని అడగండి. కొన్ని మందులు మజ్జిగతో పడవు కాబట్టి ముందు డాక్టర్ని కనుక్కోండి.

పండగలు దీనికి మంచి పరీక్ష. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. కోట చుట్టుపక్కల ఇసుక వేస్తే రాలని జనం, డప్పులు, మైకులు. ఇంటిల్లిపాదీ వెళుతున్నాం కాబట్టి తనూ రావాల్సిందే అనుకోకండి. దూరంగా ఎవరి మేడ మీద నుంచో చూడటం, జనం తగ్గాక మరో రోజు గుడికి వెళ్లడం, ఇంట్లో ఉండిపోవడం అని మూడు ఫోటోలు ముందు పెట్టి ఎంచుకోమనండి.

అమ్మాయిల సమర్త ఫంక్షన్ గురించి కొంచెం కటువుగానే చెబుతాను. గుచ్చుకునే పట్టుచీర, బరువైన పూలజడ, కళ్లలోకి వీడియో లైట్లు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి బుగ్గలకు పసుపు రాయడం. స్పర్శ, వెలుతురు, చప్పుడు భరించలేని పిల్లకు ఇది వేడుక కాదు. తనకు ఇష్టమైతే దగ్గరి వాళ్లతో ఒక అరగంట చాలు. ఇష్టం లేకపోతే మానేయండి. పెట్టిన చదివింపులు తిరిగి రావాలన్న లెక్క ఉంటే దానికి గృహప్రవేశాలూ, పెళ్లిళ్లూ ఉన్నాయి.

4. శరీరం మారకముందే చెప్పండి

మార్పులు వచ్చాక చెబితే ఆలస్యం. ఆటిజం ఉన్న పిల్లలకు ముందు తెలియని మార్పే భయం పుట్టిస్తుంది. పదో ఏట నుంచే బొమ్మలతో, శరీర భాగాలకు అసలు పేర్లతో చెప్పడం మొదలుపెట్టండి. ముద్దుపేర్లు వాడితే రేపు ఎవరైనా చెయ్యి వేసినప్పుడు ఎక్కడ ముట్టుకున్నారో పిల్లలు చెప్పలేరు.

అమ్మాయిలకు నెలసరి మొదలవకముందే ప్యాడ్ పెట్టుకుని కాసేపు తిరగడం అలవాటు చేయండి. కొందరికి ఆ తాకిడే పడదు. రెండు మూడు రకాలు తెచ్చి తననే ఎంచుకోమనండి. మార్చాల్సిన వేళలు ఫోన్ అలారంలో పెట్టండి. "తడిసినట్టు అనిపిస్తే మార్చు" అన్న మాట చాలామందికి పనిచేయదు. ఒంట్లో జరిగేది వాళ్లకు స్పష్టంగా తెలియకపోవచ్చు. ఆ మూడు రోజులు దూరంగా కూర్చోబెట్టే ఆచారం మీ ఇంట్లో ఉంటే ఈ పిల్ల విషయంలో వదిలేయడమే మంచిది. తన మంచం, తన కంచం ఎందుకు మారాయో తనకు ఎలా చెబుతారు?

అబ్బాయిలకు గడ్డం గీసుకోవడం, రాత్రిపూట బట్టలు తడవడం, హస్తప్రయోగం. ఆఖరిది మన ఇళ్లలో తిట్లతోనో దెబ్బలతోనో ముగుస్తుంది. తిడితే ఆగదు, దాక్కుని చేయడం నేర్చుకుంటారు. ఇది తప్పేమీ కాదు, కానీ ఒక చోటు ఉంది అని చెప్పాలి. తలుపు గడియ వేసిన గది లేదా బాత్రూం. ఒకే హాలు ఉన్న ఇంట్లో బాత్రూమే ఆ చోటు. బడి బాత్రూం, చుట్టాల ఇంటి బాత్రూం ఆ లెక్కలోకి రావని విడిగా చెప్పాలి. లేకపోతే మాటను మాటగానే పట్టుకుంటారు.

ఎవర్ని పడితే వాళ్లను వాటేసుకోవడం, ఒళ్లో కూర్చోవడం పదకొండు, పన్నెండేళ్లకే మాన్పించి నమస్కారం అలవాటు చేయండి. అయిదేళ్లప్పుడు ముద్దొచ్చిన పనే పదహారేళ్లప్పుడు పోలీస్ కేసు అవుతుంది. అలాగే ఎవరైనా తనను ముట్టుకుంటే "వద్దు" అని చెప్పి, అక్కడి నుంచి వచ్చేసి, ఇంట్లో చెప్పడాన్ని నటించి చూపిస్తూ నేర్పండి. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడటానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసర పోలీసు నంబరు 112.

5. తనకు ఆటిజం ఉందని తనకే చెప్పండి

ఊరందరికీ తెలిసి, తనకు మాత్రం తెలియకపోవడం అన్యాయం. కూర్చోబెట్టి పెద్ద ప్రసంగం చేయక్కర్లేదు. "మిక్సీ చప్పుడు నీకు ఎక్కువగా వినిపిస్తుంది. రైళ్ల టైములు నీకు ఇట్టే గుర్తుంటాయి. నీ మెదడు పనిచేసే తీరును ఆటిజం అంటారు" అని సందర్భం వచ్చినప్పుడల్లా రెండు ముక్కలు చెబితే చాలు. తన ముందు తన గురించి "వీడికి ఏమీ తెలీదండి" అనడం ఈ రోజు నుంచే ఆపండి. మాట రాని పిల్లలకూ వినపడుతుంది.

6. కోపం వచ్చినప్పుడు, ఫిట్స్ వచ్చినప్పుడు

ఇప్పుడు వాడు అమ్మకన్నా బలమైనవాడు. పట్టుకుని ఆపడం ఇద్దరికీ ప్రమాదం. మాటలు తగ్గించి, చుట్టూ ఉన్నవాళ్లను పంపేసి, ఫ్యాను, టీవీ చప్పుడు ఆపి, రెండడుగులు వెనక్కి జరగండి. కారణం సద్దుమణిగాక వెతకవచ్చు. ఉన్నట్టుండి కొత్తగా మొదలైన కోపమైతే ముందు ఒంట్లో నొప్పి చూడండి. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం, గ్యాస్ చాలాసార్లు కోపంగానే బయటపడతాయి.

ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి ఫిట్స్ టీనేజ్‌లోనే మొదటిసారి వస్తాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, టైము చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళాల గుత్తి పెట్టినందువల్ల ఫిట్స్ ఆగవు. వాటంతట అవి ఆగేసరికి తాళాలకు పేరొస్తుంది. దిగులు, నిద్రలేమి వారాల తరబడి ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ టెన్షన్ గురించి కూడా.

7. బస్సు, డబ్బు, ఫోన్

ప్రయాణం ఆర్టీసీ బస్సుతో మొదలుపెట్టండి. సర్వీస్ ఆటోలో ఒళ్లు ఒళ్లు తగిలేలా కూర్చోబెడతారు, ఎక్కడ ఆగుతుందో, ఎంత అడుగుతారో నిలకడ ఉండదు. బస్సుకు బోర్డుంది, టికెట్టుంది, అడగడానికి కండక్టర్ ఉన్నాడు. శ్రీకాకుళం కాంప్లెక్స్ నుంచి ఆమదాలవలస, విజయనగరం కాంప్లెక్స్ నుంచి నెల్లిమర్ల లాంటి చిన్న దారి ఒకటి తీసుకుని, రోజూ అదే వేళకు వెళ్లండి.

మొదట పక్క సీట్లో కూర్చోండి. తర్వాత వెనక సీట్లో. ఆ తర్వాత బస్సు చివర్లో, తను మిమ్మల్ని చూడలేని చోట. అటుపైన ఇంట్లో ఒకరు ఎక్కించి, ఇంకొకరు దిగే చోట నిలబడండి. తొందరపడకండి, ఒక్కో మెట్టు నెలలు పట్టినా నష్టం లేదు. దిగాల్సిన స్టాపుకు ముందు వచ్చే గుర్తులు, పెట్రోలు బంకు, గుడి, వంతెన, ఫోటోలు తీసి ఫోన్‌లో పెట్టండి. జేబులో ఒక కార్డు ఉంచండి: "నాకు ఆటిజం ఉంది. మాట ఆలస్యంగా వస్తుంది. నన్ను పట్టుకుని లాగకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి." 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయినా గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకోవడాన్ని ఒక మెట్టుగానే నేర్పాలి.

డబ్బు నోట్లతో మొదలుపెట్టండి. కూడికలు రాకపోయినా "ధరకన్నా పెద్ద నోటు ఇవ్వు, చిల్లర కోసం ఆగు" అన్నది సరిపోతుంది. మీ వీధి కిరాణా కొట్టాయనకు ముందే చెప్పి, సరుకు తనే అడిగేదాకా ఇవ్వొద్దనండి. ఫోన్ చెల్లింపుల్లో యూపీఐ సర్కిల్ అనే ఏర్పాటు ఉంది. కొట్లో తను స్కాన్ చేస్తే, మీ ఫోన్‌లో మీరు ఒప్పుకుంటేనే డబ్బు వెళుతుంది. ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పకూడదన్న నియమం గోడ మీద రాసి పెట్టండి. మన పిల్లలు నియమాన్ని మనకన్నా గట్టిగా పాటిస్తారు.

నీళ్ల దగ్గర మాత్రం స్వేచ్ఛ ఆలస్యంగానే ఇవ్వండి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్లంటే ఆకర్షణ ఎక్కువ, ప్రమాదం తెలియడం తక్కువ. నాగావళి ఒడ్డున, చెరువు గట్టున, కళింగపట్నం లాంటి సముద్ర తీరాన ఉన్నవాళ్లు ఈత నేర్పించడాన్ని చదువుకన్నా ముందు పెట్టుకోవాలి.

8. తుఫాను ఇంటిని తలకిందులు చేసే రోజులకు

2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. కరెంటు రోజుల తరబడి లేకపోతే మనకే పిచ్చెక్కింది, దినచర్యే ఆధారంగా బతికే పిల్లల మాట చెప్పాలా? అక్టోబరు రాకముందే ఒక సాయంత్రం కావాలనే మెయిన్ ఆపి, టార్చితో అన్నం తిని, పవర్ బ్యాంకుతో పాటలు విని రిహార్సల్ చేయండి. ఒక సంచిలో చెవులు మూసే హెడ్‌ఫోన్, మందులు, తను తప్పకుండా తినే బిస్కెట్లు, సర్టిఫికెట్ కాపీలు ఉంచండి. ఆ సంచి సర్దే పని తనదే.

9. చదువు, ఆ తర్వాత పని

మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే టీచర్లు ఉంటారు. మామూలు బడిలో పదో తరగతి బరువైతే ఓపెన్ స్కూల్ దారి ఉంది, సబ్జెక్టులు విడతలుగా రాయవచ్చు. పరీక్షల్లో సహాయ లేఖకుడు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం లాంటి వెసులుబాట్లకు ముందుగానే దరఖాస్తు చేయాలి. హాల్ టికెట్లు వచ్చాక పరిగెడితే కుదరదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఆ చట్టంలోనివే. ఆ నాలుగులో ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం లాంటి వాటన్నిటికీ కలిపి వచ్చేది ఒక్క శాతం. కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోకండి. మన దగ్గర పలాస, కాశీబుగ్గలో జీడిపప్పును సైజుల వారీగా వేరు చేసే పని ఉంది, జిరాక్సు షాపులున్నాయి, నర్సరీలున్నాయి. వేసవిలో తెలిసినవాళ్ల దగ్గర రోజుకు గంటసేపు పంపి చూడండి. పని వచ్చా రాదా అన్నదానితో పాటు అక్కడి చప్పుడు, వాసన, వెలుతురు తనకు పడుతున్నాయా అన్నదీ చూడాలి. పని వచ్చినా మిషన్ చప్పుడు పడక మానేసే పిల్లలుంటారు.

10. 18 నిండేలోగా కాగితాలు

15 ఏళ్లు నిండాక ఆధార్ బయోమెట్రిక్ తప్పనిసరిగా అప్‌డేట్ చేయించాలి, 17 లోపు ఉచితం. వేలిముద్రలు, కంటి స్కాన్ ఇంట్లో ఆటగా అలవాటు చేసి, జనం లేని వేళ చూసుకుని వెళ్లండి.

వైకల్య శాతాన్ని తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి స్లాట్ సచివాలయంలో బుక్ చేస్తారు. ఆటిజం అంచనాకు వాడే ఐసా స్కేలులో 40 అంశాలుంటాయి. డాక్టర్ ముందు ఆ పది నిమిషాలు పిల్లలు బుద్ధిగా కూర్చోవచ్చు, దాన్ని బట్టి శాతం తగ్గవచ్చు. మొదటి మెట్టులో రాసిన "తనే, చెబితే, మేమే" కాగితం పట్టుకెళ్లి చూపించండి. సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉందేమో చూసుకోండి. దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ కూడా తీసుకోండి. అర్హత ఉన్న కుటుంబాలకు ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఖర్చులు వస్తాయి, థెరపీకి కూడా కొంత వస్తుంది.

18 నిండగానే చట్టం దృష్టిలో తను మేజర్. తల్లిదండ్రులు సహజ సంరక్షకులన్న హోదా అక్కడితో ఆగిపోతుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ నేతృత్వంలోని స్థానిక స్థాయి కమిటీ చట్టబద్ధ సంరక్షకుల్ని నియమిస్తుంది. వివరాలకు జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. 2022లో జిల్లాలు మారాయి కదా, రాజాం వాళ్లు ఇప్పుడు విజయనగరం కలెక్టరేట్‌కు, పాలకొండ వాళ్లు పార్వతీపురానికి వెళ్లాలి. ఆ పత్రంతో బ్యాంకు ఖాతా తెరిచి నడపవచ్చు. సంరక్షకులు ఆస్తుల జాబితా ఆరు నెలల్లో, లెక్కలు ఏటా ఇవ్వాల్సి ఉంటుంది.

అయితే సంతకం పెట్టగలిగి, అర్థం చేసుకోగలిగిన పిల్లలకు ఇది అక్కర్లేకపోవచ్చు. ఒకసారి తీసుకుంటే వాళ్ల తరఫున నిర్ణయాలు మన చేతికొస్తాయి. 2016 చట్టం, తనతో కలిసి నిర్ణయం తీసుకునే పరిమిత సంరక్షణకు కూడా చోటిచ్చింది. ఏది ఎంతవరకు అవసరమో ఆలోచించాకే కాగితం మీద పెట్టండి. ఓటు కోసం మాత్రం ఫారం 6 నింపించండి. కోర్టు అనర్హులని తేలిస్తే తప్ప ఆటిజం ఓటుకు అడ్డం కాదు.

11. ఒక నోటు పుస్తకం

మీకు ఒంట్లో బాగోక వారం ఆసుపత్రిలో ఉంటే, తనను చూసుకోవడానికి వచ్చిన పిన్నికో మేనమామకో ఏం తెలియాలి? మందుల పేర్లు, వేళలు. ఏ అన్నం తింటాడు, ఏది ముట్టడు. కోపం రాబోయే ముందు కనిపించే గుర్తులు. ఏ మాట అంటే సద్దుమణుగుతాడు. ఏ పని తనే చేసుకుంటాడు, దేనికి చెయ్యి వేయకూడదు. ఇవన్నీ రాసి, సర్టిఫికెట్ల జిరాక్సులు వెనక అతికించండి. ఒక పుస్తకం ఇంట్లో, ఇంకోటి దగ్గరి చుట్టాల దగ్గర ఉంచండి. తోబుట్టువులుంటే వాళ్లకు చదివి వినిపించండి గానీ, "రేపు నువ్వే చూసుకోవాలి" అని పదేళ్ల పిల్ల నెత్తిన పెట్టకండి. రాసేటప్పుడు తననూ పక్కన కూర్చోబెట్టుకుని, తన ఇష్టాలున్న పేజీ తనతోనే రాయించండి. రాయలేకపోతే ఫోటోలు అంటించమనండి. ఏటా పుట్టినరోజు దగ్గరపడినప్పుడు ఇద్దరూ కలిసి దిద్దండి.